పోశయ్య చుక్క ఎందుకంత పెద్దదైంది

ఈమధ్య మా పాత ల్యాబులో కొత్తగా చేరిన ఇద్దరమ్మాయిలు ఇంటికొచ్చారు. పరాన్నజీవుల నెట్‌వర్క్ పని మొదలుపెడుతున్నారట, ఏ సాఫ్ట్‌వేర్ వాడాలో చెప్పమన్నారు. సాఫ్ట్‌వేర్ పేరు చెప్పడానికి అర నిమిషం పట్టింది. మిగతాది చెప్పడానికి ఆ సాయంత్రం సరిపోలేదు. అది రాసిపెడదామని ఇప్పుడు కూర్చున్నాను. ఇందులో నా ప్రమోషన్ల సంగతి ఉండదు. వచ్చినవి రెండే, రెండూ ఆలస్యంగానే వచ్చాయి.

నేను సూరత్‌లోనే పుట్టాను. మా నాన్న జగిత్యాల దిక్కు పల్లె నుంచి సాంచాలు నడపడానికి వచ్చి గోడాదరాలో స్థిరపడ్డాడు. మర మగ్గాన్ని మావాళ్లు సాంచా అంటారు. ఇంట్లో తెలుగు, గల్లీలో హిందీ, బళ్లో గుజరాతీ మాట్లాడుతూ పెరిగి, జంతుశాస్త్రం చదివి, పరాన్నజీవుల ల్యాబులో ఉద్యోగంలో చేరాను. మా అమ్మ మాత్రం చుట్టాలందరికీ "మా భాగ్య డాక్టర్ల దగ్గర పనిచేస్తది" అనే చెప్పుకునేది. కూతురు ఎలుకల ఒళ్లు దువ్వి పురుగులు ఏరుతుందని చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. నేనూ బలవంతపెట్టలేదు.

పని ఏమిటంటే

ఇంకొక ప్రాణి ఒంటి మీదో, లోపలో ఉండి, దాన్నే తిని బతికేది పరాన్నజీవి. దానికి చోటిచ్చే ప్రాణిని మేం ఆతిథేయి అంటాం. పేరు మర్యాదగా ఉంది కానీ ఆ ఆతిథ్యం ఎవరూ ఇష్టపడి ఇచ్చేది కాదు. పాత పద్ధతిలో ఒక పురుగు, ఒక జంతువు తీసుకుని ఆ రెండింటి సంగతే చదివేవాళ్లం. నిజానికి అలా ఉండదు. ఒక ఎలుక మీద నాలుగు రకాల పురుగులుంటాయి. అందులో రెండు పక్కనున్న పందికొక్కు మీదా ఉంటాయి, ఒకటి కుక్క మీదికీ పోతుంది. ఈ అల్లికనంతా ఒకేసారి చూడటానికే నెట్‌వర్క్.

చేయడం కష్టం కాదు. ఒక పట్టిక గీయండి. అడ్డు వరసల్లో జంతువులు, నిలువు వరసల్లో పురుగులు. ఆ జంతువు మీద ఆ పురుగు దొరికితే గడిలో ఒకటి వేయండి, దొరక్కపోతే సున్నా. తర్వాత ప్రతి జంతువుకూ ఒక చుక్క, ప్రతి పురుగుకూ ఒక చుక్క పెట్టి, ఒకటి ఉన్నచోటల్లా గీత కలపండి. ఏ పురుగు ఒకే జంతువును పట్టుకుని ఉందో, ఏది దొరికిన ప్రతిదాని మీదికీ ఎక్కుతుందో అప్పుడు కంటికి కనిపిస్తుంది. రెండు గుంపుల మధ్య వంతెనలాగా నిలబడ్డ చుక్క ఏదో తెలుస్తుంది. మనుషుల నుంచి మనుషులకు పాకే పురుగైతే మనుషులనే చుక్కలుగా పెట్టి, ఒకరి నుంచి ఒకరికి అంటుకునే దారి ఎక్కడుందో అక్కడ గీత గీస్తాం.

ఒక్క విషయం మాత్రం గుర్తుపెట్టుకోండి. గడిలో ఒకటి ఉందంటే చూశాం, ఉంది అని. సున్నా ఉందంటే చూశాం, లేదు అని కావచ్చు, అసలు చూడనేలేదని కూడా కావచ్చు. కంప్యూటర్‌కు ఈ తేడా తెలియదు. అది మీకు తెలిసి ఉండాలి. నాకు తెలుసు. ఉద్యోగంలో చేరిన రెండో ఏడే నేర్పించారు. అయినా ఏం చేశానో ముందుకు పోతే మీకే తెలుస్తుంది.

ఖటోదరాలో ఎలుకలు

నాకు అప్పజెప్పిన మొదటి పెద్ద పని సూరత్‌లోనే, ఖటోదరాలో. బట్టల యూనిట్ల మధ్య బోన్లు పెట్టి ఎలుకలను పట్టి, వాటి మీది పేలు, పిడుదులు, ఇక్కడ పిస్సూ అనే గెంతే పురుగులు, అన్నింటినీ ఏరి లెక్కపెట్టాలి. రెండు నెలలు చేసి, చుక్కలూ గీతలూ చేత్తోనే గీసి మా బాస్ ముందు పెట్టాను. ఆ చిత్రంలో ఇంటి ఎలుక చుక్క నుంచి అన్ని వైపులకూ గీతలు పోతున్నాయి. చుంచుకు ఒకే ఒక్క గీత ఉంది. ఇంటి ఎలుకే అసలు ఆతిథేయి, చుంచును పట్టించుకోనక్కర్లేదు అని కింద రాశాను.

మా బాస్ గుజరాతీ ఆయన. ప్రతి రిపోర్టు మీదా తన పేరు ముందు వేయించుకునేవాడు, డ్రైవర్ల మీద ఊరికే అరిచేవాడు, ఆడవాళ్లు ఫీల్డుకు ఎందుకని నా ముందే అనేవాడు. ఆయన గొప్ప మనిషని నేను చెప్పను. ఆ రోజు మాత్రం చాయ్ సాసర్‌లో పోసుకుంటూ చిత్రాన్ని నిమిషం సేపు చూసి గుజరాతీలో అడిగాడు.

"భాగ్యా బెన్, బోన్లు ఎక్కడ పెట్టావు?"

"గోదాముల్లో సార్."

"మురికినీళ్ల మోరీ పక్కన?"

"అక్కడ పెడితే బోన్లు ఎత్తుకుపోతున్నారు సార్. అందుకని పెట్టలేదు."

"చుంచు ఎక్కడుంటుంది?"

జవాబు ఆయనే చెప్పాడు.

"మోరీ పక్కన ఉంటుంది. నువ్వు దాని ఇంటికి పోలేదు. పోకుండానే ఆ ఇంట్లో ఎవరూ లేరని రాశావు."

మరుసటి నెల బోన్లకు గొలుసులు వేసి మోరీ పక్కన పెట్టాం. చుంచు చుక్క నుంచి గీతలు మొలుచుకొచ్చాయి. ఎక్కువ వెతికినచోట ఎక్కువ దొరుకుతుంది, అంతే. అప్పటి నుంచీ ప్రతి చుక్క పక్కనా ఎన్ని జంతువులను చూశామో, ఎక్కడ చూశామో రాసేదాన్ని. ఎలుకల విషయంలో మళ్లీ ఆ తప్పు చేయలేదు. మనుషుల దగ్గర చేశాను.

ఇరవైనలుగురు మనుషులు

ఇది చాలా ఏళ్ల తర్వాతి సంగతి. అప్పటికి నేను విభాగానికి ఇన్‌చార్జిని, ల్యాప్‌టాప్‌లో సాఫ్ట్‌వేర్ వచ్చేసింది. గోడాదరాలో మావాళ్లు ఉండే ఒక రూములో గజ్జి తగ్గడం లేదని కబురొచ్చింది. రూము అన్నానే గానీ అవి రెండు గదులు, ఒక వరండా. ఇరవైనలుగురు మగవాళ్లు, అందరూ సాంచాల మీద పనిచేసేవాళ్లే. పన్నెండు మంది పగటి పాలీ, అంటే పగటి షిఫ్టు, పన్నెండు మంది రాత్రి పాలీ. పొద్దున ఏడింటికీ, సాయంత్రం ఏడింటికీ ఒక పాలీ దిగితే ఇంకో పాలీ ఎక్కుతుంది. డాక్టరు రెండుసార్లు మందిచ్చాడు, రెండుసార్లూ తిరగబెట్టింది.

రూమును కిరాయికి తీసుకుని నడిపేది శంకరయ్య మాస్టర్. సాంచాలు బాగుచేసేదీ, పొద్దునా సాయంత్రం మనుషులను పనికి పిలిచేదీ ఆయనే. మొదటిరోజే నన్ను పక్కకు పిలిచి చెప్పాడు.

"జర జల్ది కానియ్యుండ్రి మేడం. తానుల మీద నెత్తురు మరకలు పడ్తున్నయి. సేఠ్‌కు తెలిస్తే ఒక్కన్ని గూడ ఉంచడు."

గజ్జి పురుగు కంటికి కనిపించనంత చిన్నది. చర్మం పైపొరలో సొరంగం తవ్వుకుని గుడ్లు పెడుతుంది. దానికి మనిషే ఆతిథేయి. ఎవరి నుంచి ఎవరికి పోతుందో గీతలు గీసి, వంతెన చుక్కను పట్టుకుంటే పని సులువవుతుందని నా ఆలోచన. ఆలోచన తప్పు కాదు. గీతలు గీసిన తీరే తప్పు.

నేను సాయంత్రం ఆరు నుంచి ఏడున్నర మధ్య వెళ్లేదాన్ని. ఆ సమయంలోనే ఎందుకంటే, పగలంతా రాత్రి పాలీవాళ్లు అక్కడ పడుకుని ఉంటారు. మగవాళ్లు పడుకుని ఉన్న గదిలోకి పరాయి ఆడది అడుగుపెట్టడం మా ఇళ్లలో లేదు, వాళ్లూ సిగ్గుపడతారు. పాలీ మారే వేళకైతే అందరూ లేచి మొహాలు కడుక్కుని చొక్కాలు వేసుకుని ఉంటారు. బొంతలన్నీ చుట్టి మూలకు దొంతరగా పెట్టేస్తారు. నేను ఆ దొంతర పక్కన చాప మీద కూర్చుని, బొంతల మీదే కాగితాలు పెట్టుకుని ఒక్కొక్కరినీ పిలిచి రాసుకునేదాన్ని. ఒళ్లు చూసి చర్మం గీకడం మా మగ టెక్నీషియన్ వరండాలో చేసేవాడు.

అడిగిన ప్రశ్నలు మూడు. మీతోపాటు రూములో ఎవరెవరు పడుకుంటారు? ఎవరి పక్కన కూర్చుని తింటారు? ఎవరి తువ్వాలు వాడతారు? పగటివాళ్లు పగటివాళ్ల పేర్లే చెప్పారు, రాత్రివాళ్లు రాత్రివాళ్ల పేర్లే చెప్పారు. రెండు పాలీలవాళ్లూ చెప్పిన పేరు ఒక్కటే ఉంది, పోశయ్య.

పోశయ్య ఆ ఇరవైనలుగురిలో లేడు, వాళ్ల మీద అదనం. నలభై దాటిన బక్కపల్చని మనిషి, బద్లీ పనివాడు. ఎవరు రాకపోతే ఆ పూట వాళ్ల సాంచాలు నడుపుతాడు. పని ఏమిటని అడిగితే నవ్వాడు.

"ఎవ్వలకు జరమస్తె గా దినం నేనే ఆయన్ని అక్కా."

బద్లీ మనిషికి రూములో ఉండటమే ఉద్యోగం. పాలీ ఎక్కే ముందు మాస్టర్ గుమ్మంలో నిలబడి మనుషులను చూసుకుంటాడు, ఒకరు తక్కువైతే ఎదురుగా కనబడ్డవాణ్ణి రమ్మంటాడు. కనబడకపోతే పని లేదు. అందుకే పోశయ్య రెండు పూటలా అక్కడే ఉండేవాడు. చేతుల మీద కొద్దిగా గజ్జి అతనికీ ఉంది.

ఎర్ర చుక్క

ల్యాబుకు వచ్చి పేర్లన్నీ ఎక్కించి మీట నొక్కాను. ఎడమవైపు పన్నెండు చుక్కల గుంపు, కుడివైపు పన్నెండు చుక్కల గుంపు, మధ్యలో పోశయ్య. రెండు గుంపులనూ కలిపేది అతనొక్కడే. మిగతావాళ్ల మధ్య దారిలో ఎవరెక్కువ నిలబడ్డారో లెక్కగట్టి ఆ చుక్కను పెద్దది చేయమని సాఫ్ట్‌వేర్‌కు చెప్పవచ్చు. చెప్పాను. పోశయ్య చుక్క అందరికన్నా నాలుగింతలైంది. రంగు ఎరుపు వేశాను. అంత స్పష్టమైన చిత్రం నా ఉద్యోగంలో అంతకుముందు రాలేదు. చిత్రం మరీ స్పష్టంగా వచ్చినప్పుడే ఆగి అనుమానించాలని మీకు చెబుతున్నాను. నాకు ఆ రోజు చెప్పేవాళ్లు లేరు, మా పాత బాస్ రిటైరై వెళ్లిపోయాడు.

ఇంకొక తప్పు కూడా చేశాను. చుక్కల దగ్గర పేర్లు ఉండకూడదు, నంబర్లే ఉండాలి. ఇది ల్యాబులో రూలు, పెట్టించిందాన్ని నేనే. మందు వేయించేటప్పుడు మాస్టర్‌కు తికమక ఉండదని పేర్లతోనే కాగితం తీసుకుపోయాను. పోశయ్యకు ముందు మందు వేసి నాలుగు రోజులు పక్కన ఉంచితే, రెండు పాలీలకూ వేరువేరు వారాల్లో మందు ఇవ్వవచ్చని వివరించాను. మాస్టర్ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి ఫోన్‌తో ఫొటో తీశాడు.

"గ్రూపుల ఏస్త మేడం. అందరికి సమజైతది."

నేను వద్దనలేదు. ఆ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. నా బొమ్మ పదిమందికీ అర్థమవుతుందని లోపల సంతోషపడ్డాను కూడా.

మర్నాడు మధ్యాహ్నం పోశయ్య నాకు ఫోన్ చేశాడు.

"అక్కా, గా బొమ్మల నా చుక్క గంత పెద్దగ ఎందుకున్నది?"

నేను క్లాసు చెప్పినట్టు చెప్పాను. నువ్వు ఇటువాళ్లతోనూ ఉంటావు, అటువాళ్లతోనూ ఉంటావు కదా పోశయ్యా, రెండు గుంపులకూ వంతెన నువ్వే, అందుకే పెద్దగా ఉంది అన్నాను.

"అచ్ఛా అక్కా" అని పెట్టేశాడు.

అతను అడిగింది లెక్క ఎలా వేశారని కాదు. అక్కడ అతనికి ఏం జరుగుతోందో చెప్పడానికి ఆ ఒక్క ప్రశ్నే దొరికింది, అది నాకు తెలియలేదు. నాలుగు రోజుల తర్వాత వెళ్తే మనిషి లేడు. వాళ్లకు వండిపెట్టే మెస్సు నడిపే రాజవ్వ చెప్పింది.

"ఎల్లగొట్టిన్రు బిడ్డా. పక్కన కూసోని తిననియ్యలే. గిన్నె రూముకాడికే పట్కపోయి గడప బయట తిన్నడు రెండు దినాలు. మూడోనాడు పొద్దుగాల చూస్తె లేడు."

మాస్టర్‌ను అడిగాను. ఆయన మొహం మామూలుగానే ఉంది.

"మీ కాయితంలనే ఉన్నది గద మేడం."

నా చేతికి వచ్చింది

మందు మాత్రం అనుకున్నట్టే వేయించాను. ఒక సెలవురోజు పగటి పాలీకి, తర్వాతి సెలవురోజు రాత్రి పాలీకి. మెడ నుంచి కాళ్ల దాకా పూయించి, బట్టలు వేడినీళ్లలో ఉతికించాం. రెండు వారాలు అందరూ బాగున్నారు. వంతెన పోయింది కాబట్టి తగ్గిందని మాస్టర్ అందరికీ చెప్పాడు, నేనూ నమ్మాను. మూడో వారానికి మళ్లీ మొదలైంది. పోశయ్య వెళ్లిపోయాక మొదలైంది.

అదే వారం నా వేళ్ల సందుల్లో దురద పుట్టింది. సబ్బు పడలేదేమో అనుకున్నాను. మణికట్టు మీద కూడా సన్నని గీతలు వచ్చాక నా చర్మాన్ని నేనే గీకి, నూనెచుక్క వేసి మైక్రోస్కోపు కింద పెట్టాను. ఎనిమిది కాళ్లతో నింపాదిగా కదులుతోంది. ఎన్ని వందలసార్లు చూసి ఉంటానో ఆ పురుగును, నా ఒంట్లోంచి వచ్చిందాన్ని చూడటం అదే మొదలు. క్యాలెండర్ తీసి వారాలు వెనక్కి లెక్కపెట్టాను.

మొదటిసారి గజ్జి పట్టిన మనిషికి దురద తెలియడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అంటే నాకు ఇది రూముకు వెళ్లిన మొదటి రోజుల్లోనే అంటింది. ఆ రూములో నేను ఒక్క మనిషినీ ముట్టుకోలేదు. ఎవరి తువ్వాలూ వాడలేదు. ఎవరి పక్కనా తినలేదు. నా మూడు ప్రశ్నలు నన్నే అడిగితే నా చుక్కకు ఒక్క గీత కూడా ఉండదు. మరి పురుగు ఎటునుంచి వచ్చింది?

మర్నాడు పొద్దున్నే రాజవ్వ దగ్గరికి పోయి చెయ్యి చూపించాను. ఆమె నా చెయ్యి చూసి నవ్వలేదు, జాలిపడలేదు. ఉల్లిగడ్డలు తరగడం ఆపి అడిగింది.

"బొంతల మీన కాయితాలు వెట్టి రాసినవు గద. అవి ఎన్నున్నయో లెక్కవెట్టినవా?"

లెక్కపెట్టలేదు.

"పన్నెండు. మనుషులు ఇరవైనలుగురు, బొంతలు పన్నెండు. ఇద్దరిద్దరికి ఒకటి, కిరాయిల అట్లనే పొత్తు. పగటాయన లేసిపోంగనే రాతిరాయన అచ్చి అండ్లనే పంటడు. పాలీలు మారుతయి గని జోడి మారది. నీకు ఎవ్వలు చెప్పలేదా?"

"నేను అడగలేదవ్వా. మరి పోశయ్య ఎవరి బొంతలో పడుకునేవాడు?"

"ఆయనకు పొత్తేడిది? బద్లీకి బొంతల వాటా ఇయ్యరు. మేడ మీద, సాంచాల కార్ఖానల పారేసిన తాను ముక్క పరుసుకొని పండేటోడు. పొద్దుగాల మడత వెట్టి సంచిల ఏసుకునేటోడు."

జోడీలో ఇద్దరూ ఒకరి మొహం ఒకరు వారానికొకసారి చూసుకుంటే ఎక్కువ. నీతో ఎవరు పడుకుంటారని అడిగితే ఆ పేరు చెప్పాలని ఎవరికి తడుతుంది? ఒంటి మీంచి రాలిన గజ్జి పురుగు రెండు మూడు రోజులు బతుకుతుంది. బట్టల ద్వారా అంటడం తక్కువేనని పుస్తకాల్లో ఉంటుంది, అది నిజమే. ఆ పుస్తకాలు రాసినవాళ్లు ఒక మనిషి లేవగానే ఇంకో మనిషి పడుకునే బొంతను చూసి ఉండరు. అది ఏళ్ల తరబడి ఒక్కపూట కూడా చల్లారలేదు. నేను ఒక వారం సగం మందికి, ఇంకో వారం సగం మందికి మందు వేయించాను. అంటే శుభ్రమైన మనిషిని తీసుకుపోయి గజ్జి ఉన్నవాడి బొంతలో పడుకోబెట్టాను.

ఆ రోజే కొత్త పటం గీశాను. ఒకవైపు మనుషులు, ఒకవైపు బొంతలు, ఎవరు దేంట్లో పడుకుంటే దానికి గీత. పగలూ రాత్రీ రెండు గుంపులన్న మాటే లేకుండా పోయింది. ప్రతి బొంత దగ్గరా రెండు పాలీలు కలిశాయి. పోశయ్య చుక్క ఒక మూలకు పోయింది. అతనికి ఒక్క బొంతతోనూ గీత లేదు. కలిసి తిన్న చేతుల వల్ల అతనికి అంటి ఉంటుంది, అతని నుంచి ఎవరికైనా అంటిందనడానికి నా దగ్గర ఏమీ లేదు. పాత పటంలో అతన్ని మధ్యలో నిలబెట్టింది పురుగు కాదు, మనుషులు చెప్పిన పేరు. అందరికీ కనబడే మనిషి కాబట్టి అందరికీ గుర్తొచ్చాడు.

తర్వాత

మళ్లీ మాస్టర్ దగ్గరికి వెళ్లి, నేను గీసింది తప్పు అని చెప్పాను. ఆఫీసర్లు ఈ మాట చెప్పడం ఆయన ఎప్పుడూ వినలేదేమో, మొదట నమ్మలేదు. నా వేళ్లు చూపించాక నమ్మాడు. ఒక సెలవురోజు ఇరవైనలుగురికీ ఒకేసారి మందు పూయించాం, నేనూ ఇంట్లో పూసుకున్నాను. పన్నెండు బొంతలనూ పార్సిల్ ప్యాకింగ్ ప్లాస్టిక్ సంచుల్లో మూతి కట్టి వారం రోజులు మేడ మీద పడేశాం. ఆ వారం అందరూ ఎవరి దుప్పటి వాళ్లు పరుచుకుని పడుకున్నారు. వారం తర్వాత రెండోసారి మందు. గజ్జి పోయింది, మళ్లీ రాలేదు.

ల్యాబులో దీన్ని రిపోర్టుగా రాయమన్నారు. రాశాను, మొదటి పటం కూడా అందులో పెట్టాను. పేర్లు తీసేసి, ఇది తప్పు పటం అని కింద రాశాను. పైవాళ్లు అది తీసేయమన్నారు, పరువు పోతుందట. తీయలేదు. మీరు కూడా మీ తప్పు పటాలను దాచకండి. సరైన పటం ఒక్కటే చూస్తే అది మొదటిసారే వచ్చిందనుకుంటారు. ఇంకొక మాట. ప్రశ్నలు తయారుచేసే ముందు ఒక రోజంతా, ఇరవైనాలుగు గంటలూ, ఆ చోట ఏం జరుగుతుందో తెలుసుకోండి. మీరు పోలేని వేళ ఉంటే పోగలిగినవాళ్లను పంపండి. రాజవ్వలాంటివాళ్లను మొదటిరోజే అడగండి. ఆమె మెస్సు గుమ్మం నుంచి నేను కూర్చున్న చాపకు పది అడుగులు కూడా లేదు.

ఇక పోశయ్య. బొంతల సంగతి విన్నాక రూములో కొందరు తలలు దించుకున్నారు. మాస్టర్ మాత్రం తేలిగ్గానే అన్నాడు.

"రమ్మనుండ్రి మేడం. ఎవ్వలద్దన్నరు? పక్కా మనిషిగ వెడ్త, బొంతల వాటా గూడ ఇస్త."

బద్లీ మనిషికి అది చిన్న మాట కాదు. రోజూ గుమ్మంలో నిలబడక్కర్లేని ఉద్యోగం. అది మోసుకుపోతున్నానని నాకు కొంచెం ధైర్యం వచ్చింది. ఫోన్ చేస్తే ఎత్తలేదు. సూరత్ అవతల సచిన్ అనే ఊళ్లో ఒక రంగుల మిల్లులో చేరాడని రాజవ్వ ఎవరి ద్వారానో కనుక్కుని చెప్పింది.

సచిన్

మధ్యాహ్నం బస్సెక్కి పోయాను. మిల్లు గేటు ఎదురుగా చాయ్ బండి దగ్గర నలుగురైదుగురు నిలబడి ఉన్నారు. వాళ్లలో పోశయ్య ఉన్నాడు. మోచేతుల దాకా నీలం రంగు. నన్ను చూడగానే గ్లాసు బండి మీద పెట్టి, వాళ్ల నుంచి నాలుగడుగులు ఇవతలికి వచ్చాడు.

"కార్డు లోపల వెట్టు అక్కా" అన్నాడు మెల్లగా.

నా మెడలో ల్యాబు కార్డు వేలాడుతోంది. మీద పెద్ద అక్షరాలతో హెల్త్ అని ఉంది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ అది తీయాలన్న ఆలోచనే రాలేదు. చీర కొంగు కిందికి తోసుకున్నాను.

"పోశయ్యా, తప్పు నాది. నీ నుంచి ఎవరికీ రాలేదు. బొంతల నుంచి వచ్చింది. అందరికీ చెప్పాను. మాస్టర్ పక్కా పని ఇస్తానన్నాడు, వాటా కూడా ఇస్తానన్నాడు. రా."

అతను నా మాటలు విన్నాడు గానీ చూపు చాయ్ బండి వైపే ఉంది.

"ఆడికి మళ్ల రానక్కా. గా గడప బయట కూసున్నోన్ని, మళ్ల గా గదిలనే ఎట్ల కూసోని తింట? అండ్ల ఇద్దరు మా ఊరోళ్లే. ఈడ మంచిగున్న. ఈడ నేనెవ్వలో ఎవ్వలకు తెల్వది. నలుగురు కలిసి తింటున్నం. నువ్వు ఇంకొకపారి రాకక్కా. హెల్త్‌వాళ్లు ఎందుకచ్చిన్రు అంటె నేనేం చెప్పాలె?"

నేను చెప్పడానికి వచ్చిన క్షమాపణ ఇంకా సగమే అయింది. మిగతా సగం అతనికి అక్కర్లేదు. దాన్ని అక్కడ నిలబడి పూర్తిచేస్తే అతన్ని ఇంకో గడప బయట కూర్చోబెట్టినదాన్నవుతాను.

చాయ్ బండి దగ్గర నుంచి ఒకతను కేకేశాడు.

"కౌన్ హై రే?"

"కోయీ నహీ. రస్తా పూఛ్ రహీ హై" అన్నాడు పోశయ్య వెనక్కి తిరగకుండానే, ఎవరూ కాదు, దారి అడుగుతోందని.

నేను గొంతు పెంచి, అందరికీ వినబడేట్టు హిందీలో, బస్టాపు ఎటు భయ్యా అని అడిగాను. అతను నీలం చెయ్యి ఎత్తి కుడివైపు చూపించాడు. బస్టాపు ఎడమవైపు ఉంది, నేను దిగి వచ్చింది అక్కణ్ణుంచే. తొందరలో చెయ్యి అటు లేచిందంతే. షుక్రియా అని చెప్పి, సచిన్‌లో నాకు ఎవరూ తెలియనట్టు, అతను చూపించిన కుడివైపే నడిచాను. గేటు బెల్లు మోగి వాళ్లందరూ లోపలికి పోయేదాకా వెనక్కి తిరగలేదు.